చూపుతో గొర్రెలను కాసే కుక్కలు

బ్రిటన్ దేశపు పటం ఒకటి తీసి ముందు పెట్టుకోండి. ఆ దీవి నడుముకన్న కాస్త పైగా ఒక వంకరటింకర గీత అడ్డంగా పోతూ కనిపిస్తుంది. గీతకు దిగువన ఉన్నది ఇంగ్లండు, ఎగువన ఉన్నది స్కాట్లండు. ఈ గీత చాలా దూరం చీవియట్ కొండల మీదుగా పోతుంది. ఈ కొండలలోకెల్లా పెద్దదాని ఎత్తు 815 మీటర్లు. అంటే ఇంచుమించు మన తిరుమల కొండంత అన్నమాట. అయితే తిరుమల మీద ఉన్నట్టు ఈ కొండల నెత్తిన చెట్లు లేవు. ఎటు చూసినా గడ్డి, గాలి, వాన, చలికాలంలో మంచు. అలాటి చోట వ్యవసాయం సాగటం కష్టం. గడ్డి పుష్కలంగా ఉంది గనక అక్కడివాళ్ళు గొర్రెలను పెంచుకుని బతుకుతారు.

ఈ సరిహద్దు సీమకు మనం ఒకసారి పోయివద్దాం. అక్కడ మనం చూడబోయేది కోటలూ కాదు, రాజభవనాలూ కాదు. ఒక కుక్కను చూడబోతున్నాం. దాని కన్నును గురించి తెలుసుకోబోతున్నాం.

ఇంగ్లండు వైపున కార్‌బ్రిడ్జ్ అనే ఊరు ఉంది. అక్కణ్ణుంచి ఉత్తరంగా ఒక రోడ్డు పోతుంది. పందొమ్మిది వందల ఏళ్ళకు పూర్వం రోమను సైనికులు వేసిన బాట మీదుగానే ఈ రోడ్డు చాలా దూరం నడుస్తుంది. రోమనులు కొండ వచ్చినా పల్లం వచ్చినా తమ బాటను పక్కకు తిప్పేవాళ్ళు కారు. అందుచేత ఈ రోడ్డు తాడు లాగి కట్టినట్టు తిన్నగా, ఉయ్యాల ఊగినట్టు ఎక్కుతూ దిగుతూ పోతుంది. దాని మీద కొన్ని మైళ్ళు పోతే రీడ్ అనే చిన్న నది ఒడ్డున వెస్ట్ వుడ్‌బర్న్ అనే పల్లెటూరు తగులుతుంది. రాతి ఇళ్ళు, రాతి గోడలు, గోడల అవతల గొర్రెలు.

ఈ ఊళ్ళో ఒక కుక్కకూ, దాని యజమానికీ జ్ఞాపకశిల నిలిపారు. కుక్క పేరు హెంప్. దాన్ని పెంచినవాడు ఆడమ్ టెల్ఫర్ అనే రైతు. కుక్కకు జ్ఞాపకశిల ఏమిటి అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అది చేసిన పని తెలిస్తే ఆశ్చర్యం పోతుంది.

మన గొల్లలూ, కురుమలూ గొర్రెలను ఎలా కాస్తారో మీలో చాలామంది చూసే ఉంటారు. కాపరి భుజాన గొంగడి వేసుకుని, చేత కర్ర పట్టుకుని మందతోపాటు నడుస్తాడు. నోటితో రకరకాల చప్పుళ్ళు చేస్తాడు. గొర్రెలు అతని గొంతు గుర్తుపట్టి అతని వెంట పోతాయి. మన కాపరి కుక్క మందకు కావలి కాస్తుంది. తోడేలు వస్తే అరుస్తుంది, తరుముతుంది.

చీవియట్ కొండలలో పద్ధతి వేరు. అక్కడ గొర్రెలు తమ ఇష్టం వచ్చినట్టు కొండంతా చెదిరి మేస్తాయి. ఉన్ని కత్తిరించేటప్పుడో, మంచు తుఫాను వచ్చేటప్పుడో వాటినన్నిటినీ కిందికి దింపాలి. ఒక మనిషి ఎన్ని రోజులు తిరిగితే ఆ గొర్రెలన్నీ పోగవుతాయి? ఆ పని కుక్క చేస్తుంది. కాపరి కొండ కింద నిలబడి ఈల వేస్తాడు. కుక్క చుట్టు తిరిగి గొర్రెల వెనక్కు పోతుంది. కాపరి "కమ్ బై" అంటే గడియారపు ముల్లు తిరిగే వైపుగా మందను చుడుతుంది. "అవే" అంటే దానికి ఎదురు వైపుగా చుడుతుంది. "దట్‌ల్ డూ" అంటే, చాలు, వచ్చెయ్యి అని అర్థం. మాట వినిపించనంత దూరంలో ఉంటే ఈ ఆజ్ఞలన్నీ ఈలలోనే ఉంటాయి.

ఈ కుక్క అరవదు, కరవదు. తల నేలకు దించి, తోక కిందికి వేసి, పిల్లి ఎలుక మీదికి పోయినట్టు మెల్లిగా అడుగు వేస్తూ గొర్రెల కేసి రెప్ప వాల్చకుండా చూస్తుంది. ఆ చూపుకు గొర్రె నిలబడదు. వెనుదిరిగి కాపరి కేసి నడుస్తుంది. వేటాడే తోడేలుకు కూడా ఇలాటి చూపే ఉంటుంది. కాని తోడేలు చూపు అయిపోగానే మీదికి దూకుతుంది. మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచిన మీదట ఈ కుక్కలకు చూపు మిగిలింది, దూకటం పోయింది. ఆ చూపునే అక్కడి కాపరులు "కన్ను" అంటారు. "దీనికి మంచి కన్నుంది," అన్నారంటే అంతకు మించిన పొగడ్త లేదు.

ఇప్పుడు హెంప్ సంగతి. దాని తండ్రి పేరు రాయ్. అది అందరితోనూ స్నేహంగా ఉండే కుక్క; కన్ను అంతగా లేదు. తల్లి పేరు మెగ్. అది బెదురు గొడ్డు, కాని కన్ను మహా తీవ్రం. ఈ రెంటికీ 1893లో హెంప్ పుట్టింది. తల్లి కన్నూ, తండ్రి నెమ్మదితనమూ సరిసమానంగా కలిసి వచ్చాయి. అది పని చేస్తుంటే చూసినవాళ్ళు అలాటి కుక్కను ఎన్నడూ ఎరగమన్నారు. దూరదూరాల నుంచి రైతులు తమ ఆడకుక్కలను తీసుకుని టెల్ఫర్ దగ్గిరికి వచ్చారు. 1901లో చచ్చిపోయే లోపల హెంప్‌కు రెండు వందలకు పైగా పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలకు పిల్లలు, వాటికి మళ్ళీ పిల్లలు. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ "బోర్డర్ కోలీ" జాతి కుక్క ఉన్నా దాని వంశవృక్షంలో పైకి పోతే హెంప్ కనిపిస్తుంది. "బోర్డర్" అంటే సరిహద్దు. ఆ పేరు ఈ కొండలను బట్టి వచ్చిందే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక మంచి కుక్క రక్తం వేలకొద్దీ కుక్కలలోకి పాకింది. అందుచేత మంచి గుణం జాతి అంతటికీ వచ్చింది. బాగానే ఉంది. కాని అలా అందరూ మెచ్చిన కుక్కలలో ఏదో ఒకదానిలో, పైకి కనపడని దోషం ఒకటి ఉన్నదనుకోండి. ఆ దోషం కూడా అదే దారిన, అంతే వేగంగా జాతి అంతటా పాకుతుంది గదా? హెంప్‌కు దోషం ఉన్నదని కాదు. మంచికీ చెడుకూ దారి ఒకటేనని చెప్పటం.

మళ్ళీ రోడ్డెక్కుదాం. వుడ్‌బర్న్ దాటి ఉత్తరంగా పోతే రోడ్డు ఎక్కి ఎక్కి కార్టర్ బార్ అనే కనుమ చేరుతుంది. అక్కడ రోడ్డు పక్కన పెద్ద రాయి ఉంది. దానికి ఒక వైపు ఇంగ్లండు అనీ, ఒక వైపు స్కాట్లండు అనీ చెక్కి ఉంటుంది. ఒకప్పుడు ఈ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నవాళ్ళు రాత్రివేళ కొండలు దాటివచ్చి ఒకరి పశువులను ఒకరు తోలుకుపోతూ ఉండేవాళ్ళు. ఇప్పుడు గొర్రెలు ప్రశాంతంగా మేస్తున్నాయి.

మీరు డిసెంబరులో వచ్చి ఈ కనుమలో నిలబడితే మధ్యాహ్నం నాలుగు గంటలు కాకముందే పొద్దు కుంకుతుంది. తెల్లవారటం కూడా ఆలస్యమే. అందుచేత చలికాలంలో కుక్క చాలావరకు మసక వెలుతురులోనే పని చెయ్యాలి. అలాటి కుక్కకు రేచీకటి వస్తే?

కుక్కలకు రేచీకటి వస్తుంది. కంటి వెనక గోడకు నేత్రపటలం అనే పల్చని పొర ఉంటుంది. వెలుతురును పట్టుకునే కణాలు అందులోనే ఉన్నాయి. వాటిలో దండాలు అనేవి మసక వెలుతురులో పనిచేస్తాయి, శంకువులు అనేవి పగటి వెలుతురులో పనిచేస్తాయి. అనేక జాతుల కుక్కలలో ఒక రకం వంశపారంపర్యపు జబ్బు ఉంది. అది వచ్చిన కుక్కకు ముందు దండాలు చచ్చిపోతాయి. సాయంకాలమయ్యేసరికి కుక్క తడబడుతుంది, గుమ్మం తట్టుకుంటుంది. తరవాత శంకువులు కూడా పోతాయి. అప్పుడు పగలూ రాత్రీ ఒకటే. జబ్బు అనేక సందర్భాలలో కుక్క పెద్దదయినాక బయటపడుతుంది. కాపరి ఏళ్ళ తరబడి దానికి పని నేర్పి ఉంటాడు. ఈ లోపల దానికి పిల్లలు కూడా పుట్టి నలుగురి ఇళ్ళకూ పోయి ఉంటాయి.

గొర్రెల కుక్కలలో మరొక జబ్బు పుట్టుకతోనే ఉంటుంది. నేత్రపటలం వెనక దానికి ఆహారం అందించే రక్తపటలం అనే పొర ఉంది. కొన్ని పిల్లలలో ఈ పొర సరిగా ఎదగదు. దీన్ని "కోలీ కన్ను" జబ్బు అంటారు. చాలా కుక్కలకు దీనివల్ల పెద్ద బాధ ఉండదు. కొన్నిటికి మాత్రం కంటిలోపల రక్తం కారటమో, నేత్రపటలం ఊడిపోవటమో జరిగి చూపు పోతుంది. విచిత్రమేమిటంటే తల్లికీ తండ్రికీ చూపు దివ్యంగా ఉండవచ్చు. వాటి తల్లిదండ్రులకూ ఉండవచ్చు. అయినా పిల్లకు జబ్బు వస్తుంది. ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇది తెలుసుకోవటానికి మీరు ఒక ఆట ఆడాలి. అష్టాచెమ్మా ఆడేటందుకు చింతగింజలను పగలగొట్టి, ఒక వైపు తెలుపూ, ఒక వైపు నలుపూ వచ్చేట్టు అరగదీస్తారు గదా? అలాటి బద్దలు రెండు తీసుకోండి. ఒకటి తండ్రి, ఒకటి తల్లి.

ప్రతి ప్రాణి శరీరంలోనూ, దాన్ని ఎలా నిర్మించాలో తెలిపే ఆజ్ఞలుంటాయి. ఒక్కొక్క ఆజ్ఞను జన్యువు అంటారు. కుక్కలో ఇంచుమించు ప్రతి జన్యువూ రెండేసి ప్రతులుగా ఉంటుంది. ఒక ప్రతి తండ్రి ఇచ్చినది, ఒక ప్రతి తల్లి ఇచ్చినది. రెంటిలో ఒకటి బాగున్నా పని జరిగిపోతుంది. అలాటప్పుడు రెండో దానిలో తప్పు ఉన్నా పైకి తెలియదు. ఇటువంటి కుక్కను "మోసే కుక్క" అందాం. అది జబ్బు కుక్క కాదు. దోషాన్ని మోస్తున్నదంతే.

మీ బద్దకు నల్లవైపు మంచి ప్రతి, తెల్లవైపు తప్పు ప్రతి అనుకోండి. రెండూ మోసే కుక్కలే. బద్దలు రెండూ ఒకసారి వెయ్యండి. పడినట్టే పిల్ల పుడుతుంది. రెండూ నల్లగా పడితే పిల్లకు ఏ దోషమూ లేదు. ఒకటి నలుపూ ఒకటి తెలుపూ అయితే పిల్ల కూడా మోసేదే. రెండూ తెల్లగా పడితే జబ్బు పిల్ల. బద్దలు రెండు వైపులకూ సమానంగా పడేవయితే, నూరు సార్లు వేసినప్పుడు ఇంచుమించు ఇరవై అయిదు సార్లు రెండూ తెలుపు వస్తాయి. అంటే నాలుగింట ఒకటి. చూపున్న తల్లిదండ్రులకు చూపులేని పిల్ల ఎలా పుట్టిందో తెలిసింది గదా?

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక ప్రాంతంలో నూరు కుక్కలుంటే వాటిలో ఒక్కదానికి మాత్రమే జబ్బు ఉన్నదనుకుందాం. "నూటికి ఒకటే గదా, ఏం పోయింది!" అనిపిస్తుంది. కాని రెండూ తెలుపు పడటం నూటికి ఒకసారి జరగాలంటే, తెలుపు పదింట ఒకటి ఉండాలి. పదింట ఒకటిలో పదింట ఒకటి అంటే నూటికి ఒకటి. నూరు కుక్కలలో ఈ జన్యువు ప్రతులు రెండు వందలు. వాటిలో పదింట ఒకటి చొప్పున ఇరవై తప్పు ప్రతులు. జబ్బు కుక్కలో ఉన్నవి రెండు. మిగతా పద్ధెనిమిదీ ఎక్కడున్నాయి? పద్ధెనిమిది ఆరోగ్యమైన కుక్కలలో! ఒక జబ్బు కుక్క కనిపిస్తే పద్ధెనిమిది మోసే కుక్కలు కనపడకుండా తిరుగుతున్నాయన్న మాట. అందుకనే జబ్బు కుక్కలను పెంపకంలోనుంచి ఎన్నిసార్లు ఏరివేసినా జబ్బు పోలేదు.

మోసే కుక్కను పట్టుకునేదెలా? ఈ చీవియట్ కొండలలో కాకపోయినా, వేట కుక్కలను పెంచేవాళ్ళు దీనికొక ఉపాయం కనిపెట్టారు. ఐరిష్ సెట్టర్ అని నిగనిగలాడే ఎర్రబొచ్చు కుక్క జాతి ఉంది. 1940ల నాటికి బ్రిటన్‌లో ఆ జాతిని రేచీకటి బాగా పట్టుకున్నది. ఒక కుక్క మంచిదో, మోసేదో తేల్చటానికి దాన్ని గుడ్డి కుక్కతో జత కట్టించేవాళ్ళు. గుడ్డి కుక్క ఇచ్చేది ఎప్పుడూ తప్పు ప్రతే. రెండోది మోసేదయితే పిల్లలలో సగం గుడ్డివి కావాలి. ఆరు పిల్లలు పుట్టి ఆరూ బాగుంటే, ఆ కుక్క మంచిదని నమ్మేవాళ్ళు. మోసే కుక్కకు కూడా అదృష్టవశాన ఆరుకు ఆరూ బాగుండటం 64 సార్లలో ఒకసారే జరుగుతుంది. కావాలంటే ఒక బద్దను ఆరుసార్లు వేసి చూడండి, ఆరుసార్లూ నలుపే పడుతుందేమో!

లెక్క ప్రకారం ఉపాయం మంచిదే. కాని దాని ఖరీదు ఎవరిచ్చారు? పిల్లలు. గుడ్డివిగా పుడతాయేమోనని తెలిసి తెలిసి వాటిని పుట్టించారు. ఈ పరీక్షలో పుట్టిన మంచి పిల్లలు కూడా మోసేవే. కుక్కలను ప్రేమించేవాళ్ళకు ఇది ఎంత కష్టమైన పనో చెప్పనక్కరలేదు.

ఇక కనుమ దిగి జెడ్‌బరో మీదుగా, ట్వీడ్ నది దాటి, ఎడింబరో వైపుగా పోదాం. ఎడింబరోకు తూర్పున సుమారు 17 మైళ్ళ దూరంలో హాడింగ్టన్ అనే ఊరున్నది. 1906లో సరిహద్దుకు రెండు వైపుల కాపరులూ ఈ ఊళ్ళో సమావేశమై అంతర్జాతీయ గొర్రెల కుక్కల సంఘాన్ని స్థాపించారు. అంతకు ముందే పోటీలుండేవి. బ్రిటన్‌లో మొదటి పోటీ 1873లో వేల్స్ దేశంలోని బాలా అనే ఊళ్ళో జరిగింది. అందులో గెలిచినది ట్వీడ్ అనే పేరుగల కుక్క. దాని యజమాని వేల్స్‌లో స్థిరపడిన స్కాట్లండు కాపరి.

సంఘం జరిపే పోటీలలో అన్నిటికన్న పెద్దది చూడదగినది. కుక్క దూరాన ఉన్న పది గొర్రెలను తెచ్చి, వాటిని వదిలి, మళ్ళీ వెనక్కుపోయి మరో దిక్కున ఉన్న పది గొర్రెలను తేవాలి. ఇరవైలో అయిదింటికి మెడపట్టీలుంటాయి. మిగిలిన పదిహేనింటినీ విడదీసి పంపించి, ఆ అయిదింటినీ దొడ్డిలోకి తోలాలి. ఇదంతా నిర్ణయించిన కాలంలోపల, కరవకుండా, గొర్రెలను బెదరగొట్టకుండా!

ఈ సంఘం చేసిన గొప్ప పని మరొకటి ఉంది. ఏ కుక్కకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది పుస్తకంలో రాసి పెట్టింది. జబ్బు పిల్ల పుట్టినప్పుడు ఆ పుస్తకం తిరగవేస్తే దోషం ఏ వంశంలో నుంచి వచ్చిందో జాడ దొరుకుతుంది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఈ సంఘమూ, బ్రిటిష్ పశువైద్య సంఘమూ, కెన్నెల్ క్లబ్బూ కలిసి కుక్కలకు కంటి పరీక్షలు జరిపించాయి. వైద్యుడు కుక్క కంటిలో చుక్కలు వేస్తాడు. కంటిపాప పెద్దదవుతుంది. చీకటి గదిలో చిన్న దీపమున్న పనిముట్టుతో కంటి వెనకగోడను చూస్తాడు. నొప్పి ఏమీ ఉండదు. కోలీ కన్ను జబ్బును పట్టుకోవాలంటే పిల్లకు అయిదారు వారాల వయసులోనే చూడాలి. ఎందుచేతనంటే, పిల్ల ఎదుగుతున్న కొద్దీ కంటిలో రంగు నిండి, తేలికపాటి దోషం దాని చాటున దాగిపోతుంది. అప్పుడు ఎంత గొప్ప వైద్యుడు చూసినా కన్ను బాగున్నట్టే ఉంటుంది. దోషం మాత్రం జన్యువులో ఉండనే ఉంటుంది.

అంటే కంటిని చూస్తే జబ్బు తెలుస్తుంది గాని, మోసే కుక్క తెలియదు. మోసే కుక్కను తెలుసుకోవాలంటే కంటిని కాదు, జన్యువునే చదవాలి.

అలా చదవటం చేతనైంది. 1993లో ఐరిష్ సెట్టర్ల రేచీకటికి కారణమైన జన్యు దోషం దొరికింది. 2005లో ఒక ఆడ బాక్సర్ కుక్క జన్యు లిపి మొత్తం చదివి ప్రకటించారు. ఆ లిపిలో సుమారు 240 కోట్ల అక్షరాలున్నాయి. 2007లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు కోలీ కన్ను జబ్బుకు కారణం కనిపెట్టారు. ఆ 240 కోట్ల అక్షరాలలో, ఒక్క చోట సుమారు 7,800 అక్షరాల ముక్క ఊడిపోయింది. ఇంకొక చిత్రం: పెద్ద కోలీలలో, బోర్డర్ కోలీలలో, షెట్లండ్ దీవుల పొట్టి కుక్కలలో, చివరకు కెనడాలో బాతుల వేటకు ఉపయోగించే ఒక జాతిలో కూడా సరిగ్గా అదే చోట, అదే ముక్క లేదు. ఇన్ని జాతులలో వేరువేరుగా అదే పొరపాటు జరగదు. కనక ఈ జాతులు విడిపోకముందు ఎప్పుడో బతికిన ఒకే ఒక కుక్కలో ఆ ముక్క ఊడి ఉండాలి.

ఇప్పుడు కుక్కపిల్ల చెంపలోపల మెత్తని కుంచె ఒకటి రుద్ది, ప్రయోగశాలకు పంపిస్తే చాలు. దోషం లేనిదో, మోసేదో, జబ్బుదో తెలిసిపోతుంది. జన్మకు ఒక్కసారి చేస్తే సరిపోతుంది. గుడ్డి పిల్లలను పుట్టించి చూడవలసిన అవసరం తీరిపోయింది.

ఎడింబరోకు దక్షిణాన కొద్ది మైళ్ళలోనే రోస్లిన్ పరిశోధన సంస్థ ఉన్నది. డాలీ అనే గొర్రెపిల్ల 1996లో పుట్టింది ఇక్కడే. మరొక గొర్రె కణం నుంచి దాన్ని అచ్చు దానిలాగే సృష్టించారు. గొర్రెతో పేరు పొందిన ఈ చోటు గొర్రెల కుక్కకు కూడా ఉపకారం చేసింది. కంటిలో ఊరే నీరు బయటికి పోవటానికి సన్నని దారి ఉంటుంది. కొన్ని బోర్డర్ కోలీలలో ఈ దారి సరిగా ఏర్పడదు. నీరు నిలిచి, కంటిలో ఒత్తిడి పెరిగి, విపరీతమైన నొప్పితో చూపు పోతుంది. ఎడింబరో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరిశోధించి, దీనితో సంబంధమున్న జన్యు దోషాన్ని 2019లో ప్రకటించారు. దానికీ ఇప్పుడు పరీక్ష ఉన్నది.

అయితే జన్యు పరీక్ష చేశాం గనక వైద్యుడితో పనిలేదు అనుకోకూడదు. పరీక్ష తనకు తెలిసిన తప్పునే వెతుకుతుంది. తెలియని తప్పులు ఇంకా ఉంటాయి. పోతే, ప్రతి గుడ్డితనమూ తాతల నుంచి వచ్చినదే కానక్కరలేదు. ఒకప్పుడు గొర్రెల కుక్కలకు కంటి నడిమి చూపు పోయే జబ్బు ఒకటి వస్తుండేది. దూరాన కదిలే గొర్రె కనిపించేది, ఎదుట కదలకుండా నిలిచిన గొర్రె కనిపించేది కాదు! అలాటి జబ్బుకు శరీరంలో "ఇ" విటమిన్ తగ్గిపోవటానికి సంబంధం ఉన్నదని తరవాత తేలింది.

ఇంతకూ మోసే కుక్క అని తెలిశాక దాన్ని ఏం చెయ్యాలి? అవతల పారెయ్యాలా? చాలామందికి మొదట తోచేది అదే. అది పొరపాటు. మన లెక్క ప్రకారం నూటికి పద్ధెనిమిది కుక్కలు మోసేవి. వాటిలో మంచి కన్నున్నవి, మంచి బుద్ధి ఉన్నవి ఎన్ని ఉంటాయో! వాటినన్నిటినీ తీసివేస్తే మిగిలిన కొద్ది కుక్కలూ దగ్గిర చుట్టాలవుతాయి. చుట్టాలను చుట్టాలతో జత చేసిన కొద్దీ వేరే దాగిన దోషాలు పైకి వస్తాయి.

చింత బద్దలతో మరొకసారి ఆడి చూడండి. ఈసారి తండ్రి బద్ద రెండు వైపులా నల్లగా ఉన్నదనుకోండి, అంటే దోషం లేని కుక్క. తల్లి మోసేది. ఎన్నిసార్లు వేసినా రెండూ తెలుపు పడవు. ఒక్క జబ్బు పిల్ల కూడా పుట్టదు. పిల్లలలో ఇంచుమించు సగం మోసేవిగానూ, సగం ఏ దోషమూ లేనివిగానూ ఉంటాయి. వాటిని కూడా పరీక్షించి, మళ్ళీ అలాగే జత చూసుకుంటూపోతే, మంచి కుక్కలను పోగొట్టుకోకుండానే నాలుగైదు తరాలలో దోషం సన్నగిల్లుతుంది. మోసే కుక్కలో తప్పు లేదు. తెలియకుండా రెండు మోసే కుక్కలను కలపటంలోనే ఉంది.

కుక్కల కళ్ళను గురించి నేర్చుకున్నది మనుషులకు కూడా పనికివచ్చింది. బ్రియార్డ్ అని ఫ్రాన్సు దేశపు గొర్రెల కుక్క ఉన్నది. వాటిలో కొన్ని పుట్టుకతోనే చూపులేనివి. అదే జన్యువులో దోషంవల్ల కొందరు మనుషులకు కూడా పసితనం నుంచే చూపు పోతుంది. 2001లో శాస్త్రజ్ఞులు అలాటి కుక్కల కంటిలోకి మంచి జన్యువును పంపి చూపు తెప్పించారు. తరవాత ఆ చికిత్సను మనుషులకు చేసి చూశారు. 2017లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది.

ఇక మన సంగతి. మనుషులలో కూడా ఇలాటి మోసేవాళ్ళు ఉంటారు. నిజానికి దాగిన దోషం ఏదో ఒకటి మోయని మనిషి ఉండడు. మీరూ మోస్తారు, నేనూ మోస్తాను. అందులో సిగ్గుపడవలసినది లేదు. అయితే మన తెలుగు దేశంలో మేనరికాలు ఎక్కువ. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకుంటారు. ఇద్దరూ ఒకే ఇంటి రక్తం పంచుకున్నవాళ్ళు గనక ఒకే రకం దోషం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం పైవాళ్ళకన్న ఎక్కువ. వంశంలో ఎవరికైనా చిన్నతనం నుంచీ రేచీకటో, చూపులేకపోవటమో ఉంటే, పెళ్ళిమాటలు సాగకముందే వైద్యుడి సలహా అడగటం మంచిది. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి చోట్ల ఇలాటి జబ్బులను గురించి పరిశోధనలు జరుగుతున్నాయి. కుక్కలకు యజమాని జత చూస్తాడు. మనుషులు తెలిసి, ఆలోచించి తమకు తామే నిర్ణయించుకోవాలి. తేడా అంతే.

చీకటి పడుతున్నది, మన ప్రయాణం కూడా ముగిసింది. ఈపాటికి చీవియట్ కొండలలో కాపరులు ఆఖరి మందను దించుతూ ఉంటారు. మీరు చింతబద్దలను మాత్రం అవతల పారెయ్యకండి. రేపు మీ నాన్నగారి చేతికి ఒకటీ, మీ అమ్మ చేతికి ఒకటీ ఇచ్చి, నూరు సార్లు వేయించి, ఎన్నిసార్లు రెండూ తెల్లగా పడ్డాయో లెక్కపెట్టండి.